బీఎల్‌డీసీ ఫ్యాను: ఏ గదికి గిట్టుబాటు?

సాధారణ సీలింగ్ ఫ్యాను పదిహేను వందల రూపాయలకు దొరుకుతున్నప్పుడు బీఎల్‌డీసీ ఫ్యానుకు, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే ఫ్యానుకు, దాదాపు మూడు వేలు పెట్టడం సమంజసమేనా అన్న ప్రశ్నకు ఇంటి మొత్తానికి ఒకే జవాబు ఉండదని, విజయవాడ పటమటలోని మా ఇంట్లో ఒక వేసవి గడిచిన తరువాత నిశ్చయంగా చెప్పగలను. మా హాలులో ఆ ఖర్చు సార్థకమైంది. అతిథుల గదికి మాత్రం అది దండగే.

పాత రకం ఫ్యాను పూర్తి వేగంతో తిరిగితే సుమారు 75 వాట్లు తీసుకుంటుంది; అదే సైజు బీఎల్‌డీసీ ఫ్యానుకు దాదాపు 30 వాట్లు చాలు. ఇందులో రోటారుకు, అంటే మోటారులో తిరిగే భాగానికి, శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి కనుక, దానిలో విడిగా విద్యుత్తును ప్రేరేపించనవసరం లేదు. ఆ మేరకు వేడిగా పోయే నష్టం తగ్గుతుంది.

హాలులో ఫ్యాను రోజుకు పదహారు గంటలు తిరుగుతుందనుకుంటే, 45 వాట్ల తేడా వల్ల నెలకు 21 యూనిట్లకు పైగా మిగులుతాయి. ఇక్కడ చాలామంది సగటు యూనిట్ ధరతో లెక్క వేస్తారు, కానీ అది సరికాదు. మన రాష్ట్రంలో గృహ విద్యుత్ ఛార్జీ శ్లాబులను బట్టి, 126 నుంచి 225 వరకు ఉన్న యూనిట్లకు ఒక్కొక్కటికి 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75 రూపాయలు పడుతుంది. ఆదా అయిన యూనిట్లు ఎప్పుడూ బిల్లులోని పై శ్లాబు నుంచే తగ్గుతాయి. ఏసీ నడిచే రోహిణీ కార్తె రోజుల్లో మా వాడకం 300 యూనిట్లు దాటుతుంది కాబట్టి, ఆ నెలల్లో ఒక్క హాలు ఫ్యాను వల్లనే 180 రూపాయలకు పైగా ఆదా అవుతుంది, మిగిలిన నెలల్లో 130 దాకా ఉంటుంది. వేగం తగ్గించినప్పుడు సాధారణ ఫ్యాను కూడా కొంత తక్కువే తీసుకుంటుంది గనుక ఈ అంకెలను పూర్తి వేగానికే వర్తింపజేసుకోవాలి. ఆ మినహాయింపు ఇచ్చినా ఏడాదికి వెయ్యి రూపాయలు దాటుతుంది. అంటే అదనంగా పెట్టిన పదిహేను వందలు ఏడాదిన్నరలోపే తిరిగి వస్తాయి. రోజుకు మూడు గంటలు కూడా తిరగని అతిథుల గదిలో మిగిలేది నెలకు నాలుగు యూనిట్లే. అక్కడ అదనంగా పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి అయిదేళ్ళు దాటుతుంది, అప్పటికి వారంటీ కూడా మిగలకపోవచ్చు.

గాలి విషయంలో తేడా నాకు కనిపించలేదు. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడిచినప్పుడు వేగం తగ్గకపోవడం, పాత ఫ్యానులా గుయ్యిమనే మోత లేకపోవడం మాత్రం ఉక్కపోత రాత్రుల్లో నిజంగా సుఖాన్నిచ్చాయి.

మరమ్మతు సంగతి దుకాణదారులు తమంతట తాము చెప్పరు. పాత ఫ్యాను నెమ్మదిస్తే వీధి చివరి ఎలక్ట్రీషియను వంద రూపాయలలోపు దొరికే కండెన్సరు మార్చి వెళ్తాడు, కాలిపోతే వైండింగ్ షాపు ఉంది. బీఎల్‌డీసీలో ఎలక్ట్రానిక్ బోర్డు పోతే కంపెనీ మనిషి రావలసిందే. గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని ఇంట అదే జరిగింది. బోర్డు వారంటీలో ఉచితంగానే వచ్చినా, అది వచ్చేదాకా నడివేసవిలో ఆమె టేబుల్ ఫ్యానుతో గడపవలసి వచ్చింది. కాబట్టి గవర్నరుపేట దుకాణాల్లో బేరానికి ముందే, వారంటీ బోర్డుకు కూడా వర్తిస్తుందా, సర్వీసు సెంటరు ఊళ్ళోనే ఉందా అని అడగాలి. నా దృష్టిలో రెండు వందల తగ్గింపు కంటే అదనంగా ఒక సంవత్సరం వారంటీ విలువైనది.

బీఎల్‌డీసీ ఫ్యానును గోడ రెగ్యులేటరుతో నడపకూడదు, దానిని తప్పించి నేరుగా వైరు కలపాలి. వేగం మార్చడానికి రిమోటు వాడాలి కాబట్టి పెద్దవాళ్ళు పడుకునే గదికైతే స్విచ్చుతో కూడా వేగం మారే మోడలు చూడాలి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబులు తప్పనిసరి అయింది; నక్షత్రాలతో పాటు పెట్టె మీద ముద్రించిన గాలి పరిమాణాన్ని కూడా చూడాలి, ఎందుకంటే వాట్లు తగ్గి గాలి కూడా తగ్గితే ప్రయోజనం లేదు.

ఇంతవరకు వేసిన లెక్క కొత్త ఫ్యాను ఎలాగూ కొనవలసిన వారికి సంబంధించినది. బాగా తిరుగుతున్న ఫ్యానును దించి దీన్ని బిగిస్తే పెట్టుబడి పదిహేను వందలు కాదు, పూర్తి మూడు వేలు. అప్పుడు హాలులో సైతం రాబడికి రెండు మూడేళ్ళు పడుతుంది. అందుకే మా పడకగదిలోని పాత ఫ్యాను వైండింగ్ కాలేదాకా దాన్ని మార్చను.