అమ్మ నిద్ర చెడగొట్టని హార్డ్ డిస్క్: ఐదేళ్ల వాడకం తర్వాత

మా ఇల్లు తిరుపతి బైరాగిపట్టెడలో. ఉన్నది ఒకటే హాలు. అమ్మ మంచం అందులోనే, టీవీకి ఆరడుగుల దూరంలో ఉంటుంది. పగటి వీధి సందడిలో ఏ చిన్న చప్పుడూ తెలియదు కానీ, రాత్రి పది దాటితే గోడ గడియారం కూడా గట్టిగానే వినిపిస్తుంది. టీవీ రికార్డింగు కోసం మొదటి హార్డ్ డిస్కు తగిలించినప్పుడు నేను ఆలోచించనిది ఇదే.

2020లో కోవిడ్ వల్ల తిరుమల బ్రహ్మోత్సవాలు ఏకాంతంగా జరిగాయి. ఏటా మాడవీధుల్లో గరుడసేవ చూసే అమ్మకు ఆ ఏడాది ఎస్వీబీసీ ప్రసారమే దిక్కయింది. మళ్లీ మళ్లీ చూసుకోవాలని ఉందంది. మా సెట్‌టాప్ బాక్సులో యూఎస్‌బీ ద్వారా రికార్డు చేసుకునే వీలుంది. పాత కంప్యూటర్‌లోని మూడున్నర అంగుళాల డిస్కును విడి పెట్టెలో బిగించి పెట్టాను. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు, అంటే సెకనుకు 120. ఆ కంపనం ప్లైవుడ్ స్టాండులోకి దిగి, స్టాండంతా తంబుర బుర్రలా మోగేది. మా బాక్సు టీవీ కట్టేసినా డిస్కును ఆగనివ్వదు. పైగా డిస్కు లోపల రాసే, చదివే చేయి కదిలినప్పుడల్లా టిక్కుటిక్కుమని చప్పుడు. రెండో రాత్రి అమ్మ లేచి కూర్చుని, "ఏరా, ఆ పెట్టెలో ఏమైనా దూరిందా?" అని అడిగింది.

అప్పుడు లెక్క వేశాను. హెచ్‌డీ ప్రసారం సెకనుకు 8 మెగాబిట్లు అనుకుంటే, డిస్కు మీద రాయాల్సింది సెకనుకు ఒక్క మెగాబైటు. గంటకు 3.6 గిగాబైట్లు. ఎంత నెమ్మదైన డిస్కయినా దీనికి ఎన్నో రెట్లు రాయగలదు. టీవీ రికార్డింగుకు వేగం కోసం డబ్బు పెట్టడమంటే చప్పుడును కొనుక్కోవడమే.

2021లో రెండున్నర అంగుళాల, 5,400 చుట్ల ఒక టెరాబైటు డిస్కు కొన్నాను. ఇలాంటి పలుచని డిస్కుల్లో చాలావాటిలో ట్రాకులు, అంటే డేటా రాసే వరుసలు, పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. అందువల్ల చెరిపి రాయడం నెమ్మదిస్తుంది. వరుసగా రాసుకుపోయే వీడియోకు ఆ లోటు నాకు ఎప్పుడూ తగల్లేదు. తగిలిన చిక్కు వేరే ఉంది. పాత తరం యూఎస్‌బీ 2.0 సాకెట్టు ఇచ్చే కరెంటు 500 మిల్లీఆంపియర్లు. డిస్కు తిరగడం మొదలయ్యేటప్పుడు అంతకన్నా ఎక్కువ లాగుతుంది. వారం పాటు టక్కుమని ఆగిపోతుంటే డిస్కు పాడైందనుకున్నాను. సొంత కరెంటు అడాప్టరు ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టాక కుదురుకుంది. మీ డిస్కు ఇలా చేస్తే వెనక్కి ఇచ్చేసే ముందు ఇది చూడండి.

చప్పుడును ఇంకా తగ్గించాలని ఒక తువ్వాలు చుట్టి సొరుగులో పెట్టడం నా పెద్ద తప్పు. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇలాంటి డిస్కులకు తయారీదారులు చెప్పే హద్దు సాధారణంగా 60. సొరుగు తీసి చూస్తే చెయ్యి పెట్టలేనంత వేడి, ఆ వారం రికార్డింగులన్నీ ముక్కలు ముక్కలు. ఇప్పుడు పాత యోగా చాప ముక్క మీద, గాలి ఆడేచోట ఉంది. ఆ మెత్తటి ముక్కే సగం పని చేసింది. చెవి ఆనిస్తే తప్ప డిస్కు తిరుగుతున్నట్టు తెలియదు.

దుకాణంలో డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ చూపించారు. సీసీ కెమెరాల కోసం, రాత్రింబవళ్లు రాయడానికే చేసినవి. మంచివే. కానీ మూడున్నర అంగుళాలవి, వేరే అడాప్టరు కావాలి. రికార్డరు పడుకునే గదిలో లేనివాళ్లకు వాటినే సిఫారసు చేస్తాను.

చిత్తూరులో మా బావమరిది చిప్పుల మీద రాసే ఎస్‌ఎస్‌డీ పెట్టుకున్నాడు. అందులో తిరిగేదేమీ లేదు, చప్పుడే లేదు. ఎక్కువ రాస్తే అరిగిపోతుందని అతని భయం. అతను కొన్న క్రూషియల్ ఎంఎక్స్500, 500 జీబీ మీద మొత్తం రాయగలిగేదానికి కంపెనీ చెప్పిన హద్దు 180 టెరాబైట్లు. రోజంతా ఆపకుండా రాసినా 86 గిగాబైట్లే కనుక అయిదున్నరేళ్లకు పైగా వస్తుంది. ఈ రోజు కొత్తగా కొనాల్సి వస్తే నేనూ ఎస్‌ఎస్‌డీనే కొంటాను.

డిస్కు మార్చేవారికి ఒక్క మాట. మా బాక్సు చేసే రికార్డింగులకు తాళం ఉంటుంది. కంప్యూటర్‌లో తెరుచుకోవు, ఇంకో డిస్కుకు కాపీ కావు. 2020 గరుడసేవ ఆ మోత డిస్కులోనే ఉండిపోయింది. ఏటా బ్రహ్మోత్సవాల్లో ఒక మధ్యాహ్నం బీరువాలోంచి దాన్ని తీసి తగిలిస్తాను. అమ్మ చూడటం అయ్యాక, దీపాలు పెట్టే వేళకు మళ్లీ బీరువాలో పెట్టేస్తాను.