డెషూట్స్ నదిలో ట్రౌట్ ట్రిప్: ఏ ఒడ్డు ఎవరిది, ఎక్కడ దిగాలి, ఎక్కడ కొనాలి

పోర్ట్‌లాండ్, హిల్స్‌బరో వైపు ఉండే మనవాళ్ళకి అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో పారే డెషూట్స్ నది అంటే రాఫ్టింగే. పొద్దున్నే నది ఒడ్డున ఉన్న మాపిన్ అనే ఊరికి వెళ్ళి పడవెక్కి, తడిసి, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. మేము ఈసారి ట్రౌట్ అనే చేపని పట్టడం కోసమే వెళ్ళాం, మా బావమరిది వాళ్ళు కూడా పిల్లలతో వచ్చారు. ఈ నది రూల్స్ గురించి తెలుగులో ఎవరూ సరిగ్గా రాసినట్టు కనిపించలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు స్టేట్ రూల్స్. 12 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఆరెగాన్ లైసెన్స్ ఉండాలి, ఫోన్‌లో యాప్‌లోనే తీసుకోవచ్చు. డెషూట్స్ నది కింది భాగంలో దాదాపు అంతటా ఎర పెట్టకూడదు, వానపాములూ రొయ్యలూ ఏవీ కుదరవు, ఆర్టిఫిషియల్ ఫ్లై (పురుగులా కట్టిన గాలం) గానీ లూర్ (చేపని ఆకర్షించే ఉత్తుత్తి ఎర) గానీ మాత్రమే. ఇంకో ముఖ్యమైన రూల్, పడవలో కూర్చుని గాలం వేయకూడదు, పడవ కేవలం ఒకచోట నుంచి ఇంకోచోటికి పోవడానికే, పట్టాలంటే ఒడ్డుకొచ్చి దిగి నిలబడాలి. నాకిది చాలా నచ్చింది, ఎందుకంటే నది మధ్యలో లోతు నీళ్ళలో ఉండే చేపలకి కాస్త ఊపిరి దొరుకుతుంది. కానీ అడుగున రాళ్ళు నాచు పట్టి జారుతుంటాయి, నీటి వేగం ఎక్కువ, కాబట్టి చేతికర్ర తప్పనిసరి, పిల్లలకి లైఫ్ జాకెట్ లేకుండా మోకాలు లోతు కూడా వద్దు.

ఇక్కడి ట్రౌట్‌ని రెడ్‌బ్యాండ్ అంటారు, పక్కల మీద ఎర్రటి చార ఉంటుంది, హేచరీలో పెంచి వదిలినవి కావు, ఈ ఎండ ప్రాంతపు నదుల్లోనే పుట్టి పెరిగే జాతి. సముద్రానికి వెళ్ళి తిరిగొచ్చే స్టీల్‌హెడ్ కూడా పడుతుంది, వీపు మీద తోక దగ్గర చిన్న రెక్క కత్తిరించకుండా అలాగే ఉంటే అది అడవి చేప, వెంటనే వదిలేయాలి. రోజుకి ఎన్ని, ఏ సైజు ఉంచుకోవచ్చు అన్నది మారుతూ ఉంటుంది, వెళ్ళే ముందు ఆ ఏడాది రూల్స్ చూసుకోండి. మే చివర, జూన్‌లో సాల్మన్‌ఫ్లై అనే పెద్ద పురుగులు చెట్ల నిండా వాలే టైమ్ ఉంటుంది, చేపలు బాగా పడతాయి, జనం కూడా అంతే.

ఇప్పుడు అసలు విషయం. నది ఉత్తరానికి పారుతుంది, వార్మ్ స్ప్రింగ్స్ దగ్గర హైవే 26 వంతెన నుంచి కిందికి పడవలో వస్తుంటే చాలా దూరం ఎడమ ఒడ్డంతా వార్మ్ స్ప్రింగ్స్ రిజర్వేషన్. వార్మ్ స్ప్రింగ్స్, వాస్కో, పైయూట్ అని మూడు ఆదివాసీ తెగల ఉమ్మడి భూమి, అమెరికాలో ఇలాంటి తెగల భూమినే రిజర్వేషన్ అంటారు. అక్కడ స్టేట్ లైసెన్స్ ఒక్కటే సరిపోదు, ట్రైబ్ ఇచ్చే పర్మిట్ కూడా కావాలి, అది కూడా డ్రై క్రీక్ నుంచి ట్రౌట్ క్రీక్ దాకా సుమారు 6 మైళ్ళ ముక్కలోనే చెల్లుతుంది. మిగతా ఒడ్డున భోజనానికి కూడా దిగకూడదు. మేము మాట్లాడుకున్న గైడ్ (పేరు వద్దులెండి) "అటు దిగినా ఎవరూ అడగరు, ఈ పర్మిట్లు ఊరికే డబ్బు గుంజడానికి" అన్నాడు, ఆ మాటతోనే వేరే గైడ్‌ని చూసుకున్నాం.

ఎందుకంటే ఇది డబ్బు గుంజడం కాదు. 1855 జూన్‌లో ది డాల్స్ అనే ఊరి దగ్గర వార్మ్ స్ప్రింగ్స్, వాస్కో తెగలు సంతకం చేసిన ఒప్పందంలో సుమారు కోటి ఎకరాలు అమెరికాకి వదులుకున్నారు, బదులుగా రిజర్వేషన్ లోపలా అంచునా పారే నీళ్ళలో చేపలు పట్టే హక్కు పూర్తిగా తమకే ఉంచుకున్నారు, బయట తరతరాలుగా పట్టే చోట్ల మిగతా పౌరులతో కలిసి పట్టే హక్కు కూడా. అంటే గవర్నమెంట్ దయతలచి ఇచ్చింది కాదు, వాళ్ళది వాళ్ళు ఉంచుకున్నారు. 1905లో సుప్రీంకోర్టు కూడా వైనన్స్ కేసులో ఇదే చెప్పింది. 1865లో ఒక అధికారి ఇంకో కాగితం తెచ్చాడు, రిజర్వేషన్ దాటి చేపలకి వెళ్ళాలంటే పాస్ కావాలి, ఇది దాని కోసమే అని వీళ్ళు నమ్మారు, లోపల మాత్రం బయటి హక్కులన్నీ వదులుకుంటున్నాం అని రాసుంది. ఆ కాగితం చెల్లదని అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది 2020లో! నూటయాభై ఏళ్ళు దాటాక. అది చదివినప్పుడు నాకు నిజంగా కడుపు మండింది.

మాపిన్ నుంచి కాస్త కిందికి షెరర్స్ ఫాల్స్ ఉంది, తప్పకుండా ఆగండి. నల్లరాళ్ళ మధ్య నది ఒక్కసారిగా ఇరుకై దూకుతుంది, దాని మీదకి చెక్క మంచెలు కట్టి, నడుముకి తాడు కట్టుకుని, పొడవాటి కర్రకి కట్టిన వలతో సాల్మన్ పడతారు. ఆ వల పద్ధతి ట్రైబ్ వాళ్ళకే, మనకి లేదు. ఫోటో తీయాలంటే అడిగి తీయండి, మంచెల మీదకి ఎక్కకండి, అవి కుటుంబాల వారసత్వం. ఇంతకంటే చాలా పెద్దది కొలంబియా నది మీద సెలైలో ఫాల్స్ ఉండేది, ది డాల్స్ డ్యామ్ వచ్చి 1957 మార్చిలో కొన్ని గంటల్లోనే మునిగిపోయింది. మాది భద్రాచలం వైపు, పోలవరం ముంపులో పోయే కోయ, కొండరెడ్డి ఊళ్ళ వాళ్ళకి గోదావరి చేప అంటే ఏమిటో తెలుసు కాబట్టి సెలైలో దగ్గర ఆ నిలవ నీళ్ళు చూస్తూ చాలాసేపు ఉండిపోయాం.

ఉండటానికి, మాపిన్‌లో మోటెల్‌లో దిగాం, రేటుకి తగ్గట్టు లేదు, వేడినీళ్ళు సరిగ్గా రాలేదు, శుభ్రం పర్వాలేదు. నది పక్కన ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లు నయం, ట్రౌట్ క్రీక్ అయితే చేపల వాళ్ళకి బెస్ట్, కానీ మంచినీళ్ళు ఉండవు, నీడ తక్కువ, సిగ్నల్ ఆశ పెట్టుకోవద్దు, వేసవిలో మంటలు నిషేధం కాబట్టి గ్యాస్ స్టవ్ తీసుకెళ్ళాలి, గడ్డిలో రాటిల్‌స్నేక్స్ ఉంటాయి. సరుకులకి దగ్గర ఊరు మద్రాస్ (అవును ఇక్కడా ఒక మద్రాస్ ఉంది). సౌకర్యం కావాలంటే రిజర్వేషన్‌లోనే కా-నీ-టా వేడినీటి రిసార్ట్, 2018లో మూతబడి 2024లో మళ్ళీ తెరిచారు, టీపీ గుడారాల్లో ఉండొచ్చు, పిల్లలు కొలను నుంచి బయటికి రానన్నారు. చవక కాదు, అయినా మోటెల్‌కి ఇచ్చేదానికి ఇంకాస్త కలిపి ఇక్కడ ఇవ్వడం మంచిదనిపించింది, ఆ డబ్బు అక్కడి వాళ్ళకే చేరుతుంది. ఈ నది ఒడ్డునే ఉన్న వార్మ్ స్ప్రింగ్స్‌లో 2019లో పైపులు పాడయ్యి జనం నీళ్ళు కాచుకుని తాగాల్సి వచ్చింది మరి. 1993 నుంచి ఉన్న ఈ తెగల మ్యూజియం కూడా అక్కడే హైవే పక్కన, రెండు గంటలు పెట్టుకోండి, చేపలకి వెళ్ళే ముందే చూస్తే ఇంకా మంచిది.

మేము పట్టిన ట్రౌట్ అన్నీ వదిలేశాం. ఇంటికి చేప కావాలనుకుంటే తిరుగు దారిలో ది డాల్స్ మీదుగా ఐ-84 హైవే పట్టుకుని క్యాస్కేడ్ లాక్స్‌లో ఆగండి, సీజన్‌లో ట్రైబ్ కుటుంబాలు తాము పట్టిన సాల్మన్ అక్కడే అమ్ముతారు. క్యాష్ పెట్టుకోండి, ఐస్ వేసిన కూలర్ తీసుకెళ్ళండి, రసీదు అడిగి తీసుకోండి. బేరం మాత్రం ఆడకండి, సూపర్‌మార్కెట్ చేపకీ దీనికీ రుచిలో పోలికే లేదు, మా ఇంట్లో చింతపండు పులుసు పెడితే పిల్లలు ముళ్ళు ఏరుకుని మరీ తిన్నారు.