ఆగిపోయిన స్నేహానికి ఇన్‌లాండ్ లెటర్: వాడి చూసిన అభిప్రాయం

గొడవ ఏదీ లేకుండానే ఏళ్ల తరబడి మాటలు ఆగిపోయిన చిన్ననాటి స్నేహితుణ్ణి మళ్లీ పలకరించాలంటే, ఈరోజు మనకు అందుబాటులో ఉన్న సాధనాలన్నింటిలోనూ ఇన్‌లాండ్ లెటరే తగినదని వాడి చూశాక నాకు గట్టి నమ్మకం కుదిరింది. అనంతపురం ప్రధాన తపాలా కార్యాలయంలో అడిగితే ఇచ్చారు. ధర రూ.2.50. లేత నీలం రంగు కాగితం; మడిచి అంచులు అంటిస్తే అదే కవరవుతుంది, వేరే స్టాంపు అక్కర్లేదు.

నేను రాసింది ధర్మవరంలో ఉన్న స్నేహితుడికి. మా రెండు కుటుంబాలూ పట్టుమగ్గాల మీదే బతికాయి. బడి వదలగానే వాళ్లింటి గుంటమగ్గం పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేవాళ్లం. వాళ్ల నాయన నేస్తూనే మా ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు. పదో తరగతి అయ్యాక నేను చదువు కోసం అనంతపురం వచ్చాను, తండ్రి ఆరోగ్యం దెబ్బతినడంతో అతడు మగ్గంలో కూర్చున్నాడు. మొదట్లో ప్రతి పండక్కీ కలిశాం, తరువాత పెళ్లిళ్లలో మాత్రమే కలిశాం, ధర్మవరంలోని మా ఇల్లు అమ్మేశాక అదీ లేకపోయింది. మధ్య దూరం గంట ప్రయాణమే. ఇద్దరిలో ఎవరూ ఎవరినీ నొప్పించలేదు. ఇలా తెగిన స్నేహాన్ని మళ్లీ అందుకోవడమే కష్టం, ఎందుకంటే క్షమాపణ చెప్పడానికి కూడా ఒక కారణం కనబడదు.

ఫోన్ చేయవచ్చు కదా అని మా ఇంట్లో అడిగారు. నా దగ్గరున్న పాత నంబరు పనిచేయడం లేదు. పనిచేసినా, ఇన్నేళ్ల తరువాత హఠాత్తుగా ఫోన్ చేసినవాడి గొంతు వినగానే ఎదుటివారికి మొదట కలిగే ఆలోచన, ఏం అవసరం పడిందో అనే. డబ్బా, పెళ్లి పిలుపా, చావు కబురా అని వెతుక్కుంటారు. స్పీడ్ పోస్టు మరీ పెద్ద హడావిడి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా అందులోనే కలిసింది కాబట్టి, సంతకం పెట్టి తీసుకోవలసిన కాగితం గుమ్మంలోకి వచ్చిందంటే బ్యాంకు నోటీసేమోనని మామూలు కుటుంబాలు కలవరపడతాయి. పోస్టుకార్డు యాభై పైసలే, కానీ దారిలో ఎవరైనా చదవవచ్చు. కవరులో పెట్టే తెల్లకాగితాలకు హద్దు లేదు, ఆ హద్దు లేకపోవడమే చేతిని ఆపేస్తుంది.

ఇన్‌లాండ్ లెటర్‌లో ఉన్న గొప్పదనమంతా ఆ చోటులోనే ఉంది. లోపలి వైపంతా, బయట ఒక మడత మేరా రాసుకోవచ్చు. ఇన్నేళ్ల కథ అందులో పట్టదు, పట్టదని ముందే తెలుసు కాబట్టి చెప్పే ప్రయత్నమూ చేయం. ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టగానే సంకోచం సగం తగ్గింది; ఎలా మొదలుపెట్టాలో మన పెద్దలు ఏనాడో కుదిర్చిపెట్టినందుకు వారికి నేను నిజంగా కృతజ్ఞుణ్ణి. వాళ్ల నాయన ఎక్కాల గురించి, ఇప్పటికీ పదమూడో ఎక్కం దగ్గర నాకు ఆయన గొంతే వినిపించడం గురించి రాశాను. మా అబ్బాయి చదువు గురించి రెండు వాక్యాలు రాశాను. కాగితం నిండింది.

చిరునామా మాత్రం వెతుక్కోవలసిన పని లేకపోయింది. మారిపోయిన ఫోన్ నంబర్లు గుర్తుండవు గానీ, చిన్నప్పుడు రోజూ వెళ్లిన ఇంటి వీధి ఎవరికి మరుపుకొస్తుంది? 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగి ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. అయినా పిన్‌కోడు 515671 అలాగే ఉంది. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ పద్ధతిలో మొదటి మూడంకెలూ ఉత్తరాలను వేరుచేసే ప్రాంతాన్ని, చివరి మూడూ పంపిణీ చేసే కార్యాలయాన్ని చెబుతాయి. ఆ లెక్కన మేమిద్దరం ఇంకా 515లోనే ఉన్నాం.

పరిమితులు లేకపోలేదు. లోపల ఏమీ పెట్టరాదని దాని మీదే అచ్చువేసి ఉంటుంది. బడిలో తీయించుకున్న గ్రూపు ఫొటో నకలు పంపాలని నాకు ఎంతో ఉండింది; దానికి రూ.5 కవరు వేరే కొనవలసిందే. కాగితం పలుచన కాబట్టి ఇంకు పెన్నుకన్నా బాల్‌పెన్నే మేలు. అన్నింటికన్నా ముఖ్యంగా, ఉత్తరం చేరిందో లేదో తెలుసుకునే దారి లేదు. ఎదురుచూపు ఓర్చుకోలేనివారికి ఇది పెద్ద ఇబ్బందే. నాకు మాత్రం ఆ ఎదురుచూపు అవసరమనిపించింది: ఫోన్ సందేశాల్లోలా, చదివినట్టు గుర్తు కనబడి కూడా జవాబు రాకపోతే కలిగే బాధ ఇందులో లేదు, అవతలివారికీ తొందరపెట్టే గంట మోగదు.

జవాబు వచ్చింది, అదీ ఇన్‌లాండ్ లెటర్ మీదే. ఎడమవైపుకు వాలే ఆ అక్షరాలు ఏమీ మారలేదు. నాయన పోయారనీ, మగ్గం తీసేసి ఇప్పుడు పట్టుచీరల అంగడిలో పనిచేస్తున్నాడనీ రాశాడు. నువ్వు ఉద్యోగస్తుడివయ్యావు, మా ఇంటికి రావడానికి ఇష్టపడతావో లేదోనని నేనే వెనక్కి తగ్గాను అని కూడా రాశాడు. అతడికి నాతో పని లేదేమోనని నేను ఇక్కడ అనుకుంటూ ఉన్న రోజులవి. ఫోన్‌లో ఈ మాట అతడి నోట వచ్చి ఉండేది కాదు. చోటు అయిపోయాక అంచు వెంబడి కాగితాన్ని తిప్పి మరీ రాశాడు, వచ్చే ఉగాదికి భార్యాపిల్లలతో రమ్మని.

పాత స్నేహితుడి ఇంటి చిరునామా తెలిసిన ప్రతి ఒక్కరికీ దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. పంపేవారి చిరునామా గడి తప్పక నింపండి. కొనేటప్పుడు నాలుగైదు కలిపి కొనండి, జవాబు అందిన రాత్రే మళ్లీ రాయాలనిపిస్తుంది, ఆ వేళకు తపాలా కార్యాలయం మూసి ఉంటుంది.