ఆర్‌ఓఎం నీ బ్రేస్: తెగిన టెండన్‌కి ఎంతవరకు అక్కరకొస్తుంది?

సర్జికల్ షాపులో మోకాలికని మూడు రకాలు ముందు పెడతారు: సాగే గుడ్డ నీ క్యాప్, వెనకా పక్కలా లోహపు బద్దలున్న లాంగ్ నీ బ్రేస్, మోకాలు ఎన్ని డిగ్రీలు వంగాలో కట్టడి చేసే డయల్ రెండు పక్కలా ఉన్న ఆర్‌ఓఎం (రేంజ్ ఆఫ్ మోషన్) బ్రేస్. మొదటిది వందల్లో, చివరిది వేలల్లో. మోకాలిచిప్పకు పైనున్న టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే గట్టి నార) గానీ, కిందిది గానీ పూర్తిగా తెగితే నీ క్యాప్ డబ్బు దండగ.

కొనేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా కాలు లేపాలి. లేవకపోతే బెణుకేలే అని కాపడం పెట్టుకుంటూ కూర్చోకూడదు. చిప్ప పైన వేలు దిగేంత సందు తగిలితే పై టెండన్ తెగినట్టు అనుమానించాలి. ఇది 40 దాటినవారిలో ఎక్కువ. షుగర్, కిడ్నీ జబ్బు, స్టెరాయిడ్ల వాడకం ఉంటే మరీనూ. సందు చిప్ప కింద ఉండి, చిప్ప పైకి జరిగితే కింది టెండన్. ఇది ఎక్కువగా కుర్రవాళ్లకి. మోకాట్లో రక్తం చేరి వాచిపోతే సందు చేతికి అందదు. చాలా కేసులు మొదటి రోజు తప్పిపోయేది అక్కడే. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో కింది టెండన్ పొడవు, చిప్ప పొడవుకి 1.2 రెట్లు దాటితే చిప్ప పైకి పోయినట్టు, 0.8 కన్నా తగ్గితే కిందికి దిగినట్టు. అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్‌ఐ గానీ ఖాయం చేస్తుంది.

పూర్తిగా తెగినదాన్ని ఏ బ్రేసూ అతికించదు. రెండు మూడు వారాల్లోపే కుట్టించాలి. ఆలస్యమైతే కండరం కుంచించుకుపోయి తెగిన కొసలు కలవవు. కొద్దిగా చిరిగి, కాలు నిటారుగా లేస్తున్నవారికి మాత్రం ఆపరేషన్ లేకుండా బ్రేస్‌తోనే నయం కావచ్చు.

కుట్టాక ఆర్‌ఓఎం బ్రేస్ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. నడిచేటప్పుడు 0 డిగ్రీల దగ్గర, అంటే కాలు నిటారుగా ఉండేలా లాక్, సాధారణంగా ఆరు వారాలు. వ్యాయామంలో వంపు 30, 60, 90 డిగ్రీలకు ఎప్పుడు పెంచాలన్నది కుట్టిన సర్జన్ చెప్పాలి. లాంగ్ నీ బ్రేస్‌లో ఈ సౌకర్యం లేదు. మొదటి వారాలకి సరిపోతుంది గానీ తర్వాత మళ్లీ ఖర్చు.

ఆర్‌ఓఎం బ్రేస్ పెద్ద లోపం జారడం. తొడ పైన లావు, కింద సన్నం కాబట్టి నాలుగడుగులు వేయగానే డయల్ పిక్క మీదికి దిగుతుంది. అప్పుడు బ్రేస్ వంగే చోటు ఒకటి, మోకాలు వంగే చోటు ఇంకొకటి. పడుకుని, డయల్ నడిమిని చిప్ప నడిమికి ఎదురుగా పెట్టి, ముందు మోకాలి కింది పట్టీ, తర్వాత పైది, చివర అంచులవి బిగించాలి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. కుట్ల మీద పట్టీ పడకూడదు. రెండు డయళ్లలోనూ అంకె ఒకటేనా అని రోజూ చూడాలి.

మోకాలికి బయటి పక్క, కాస్త కిందుగా ఉండే ఎముక బుడిపె వెనక నరం పోతుంది. బద్ద అక్కడ నొక్కితే పాదం మొద్దుబారుతుంది, పైకి లేవదు. వెంటనే వదులు చేసి డాక్టరుకి చూపించాలి. షుగర్ ఉన్నవారు ఫోమ్ కింద చర్మం రోజూ చూసుకోవాలి. మన ఎండలకి చెమట పట్టి ఒరుసుకుపోతుంది. విడి ఫోమ్ జత ఇచ్చే మోడల్ అయితే ఉతుక్కోవడానికి వీలు.

వాడినది తక్కువకి దొరికితే తీసుకోవచ్చు. ముందు 0 దగ్గర లాక్ చేసి రెండు చేతులతో గట్టిగా వంచి చూడండి. ఏమాత్రం వంగినా వద్దు.