జడబిళ్ల వయసు తేల్చేదెవరు? ఆచారి, మెషిన్, ల్యాబ్, పాత కాగితం: ఏది మేలు?

అమ్మ పోయిన ఏడాదికి ఇనప్పెట్టె తెరిస్తే పసుపు గుడ్డలో చుట్టిన జడబిళ్ల బయటపడింది. నడుమ ఒక పచ్చ, చుట్టూ ఎనిమిది కెంపులు, వెనక జడకు గుచ్చే రెండు కొండీలు. దాని గురించి మా ఇంట్లో ఒక కథ ఉంది. బొబ్బిలి యుద్ధంలో కోట నుంచి బయటపడ్డ నగ అని. అంటే 1757 నాటిదన్నమాట. అమెరికాలో ఉన్న అన్నయ్య ఈ మాట తన స్నేహితులందరికీ చెప్పేశాడు. చెల్లికి నమ్మకం లేదు. "మన ముత్తాత బొబ్బిల్లో ఏం చేశాడే, గుమస్తాగిరీయా?" అంటుంది.

విజయనగరంలో పాత నగ వయసు తెలుసుకోవాలంటే దారులు నాలుగే. హాల్‌మార్కింగ్ సెంటర్లో మెషిన్ కింద పెట్టించడం, పాత తరం ఆచారికి చూపించడం, రాళ్లను ల్యాబ్‌కు పంపడం, ఇంట్లో కాగితాలు వెతకడం. నాలుగూ చేశాను. ఏది దేనికి పనికొచ్చిందో చెప్తాను.

అందరూ ముందు మెషిన్ దగ్గరికే పరిగెడతారు, నేనూ అంతే. ఎక్స్‌ఆర్‌ఎఫ్ అంటారు దాన్ని, కొట్లలో క్యారెట్ మీటర్ అనేస్తారు. నగ పైపొర మీద ఎక్స్‌రే పడితే ఒక్కో లోహం ఒక్కో రకంగా బదులిస్తుంది. దాన్నిబట్టి బంగారం ఎంత, వెండి ఎంత, రాగి ఎంత అన్నది నిమిషంలో తెర మీద వస్తుంది. నగకు గీత పడదు, వేడి తగలదు. అయితే అది చూసేది వెంట్రుక మందం కూడా లేని పైపొరనే.

మా జడబిళ్ల చట్రం మీద పెడితే నూటికి 87 పాళ్లు బంగారం అంది. కెంపు అంచున పెడితే 98 దాటింది. కొండీ అతుకు మీద పెడితే 91 చూపించి, కింద కాడ్మియం అని ఒక గీత చూపించింది. ఒకే నగకు మూడు అంకెలు! కౌంటర్లో అబ్బాయి వాటిని కలిపి సగటు చెప్పేసి రశీదు ఇచ్చాడు. ఆ సగటు దేనికీ పనికిరాదు. తెలుసుకోవాల్సిందంతా ఆ తేడాల్లోనే ఉంది.

బంగారం ఎప్పుడు నగ అయిందో మెషిన్ చెప్పలేదు. లోహానికి ఏళ్ల లెక్క ఉండదు. కార్బన్ పరీక్ష చేయించొచ్చు కదా అని చెల్లి అడిగింది. బంగారంలో కార్బన్ ఎక్కడుంది? రాళ్ల కింది లక్కలో ఉంటుంది గానీ, 1650 నుంచి 1950 మధ్య కాలానికి ఆ లెక్క ఒకచోట నిలవదు. ఒకే లక్క ముక్క రెండు వందల ఏళ్ల తేడాతో రెండు మూడు జవాబులిస్తుంది. పైగా ముక్క తీయాలంటే రాయి ఊడదీయాలి.

మెషిన్ నిజంగా పట్టిచ్చింది కాడ్మియాన్నే. ఆ లోహాన్ని కనుక్కున్నదే 1817లో. మన దగ్గర కేడీఎం, అంటే కాడ్మియం కలిపి వేసే అతుకులు మొదలైంది మా అమ్మ తరంలో. దాని పొగ ఊపిరితిత్తులకు విషం కాబట్టి ఇప్పుడు మానేశారు. అంటే ఆ కొండీ అతుకు కొత్తది. నగ కొత్తదా, మరమ్మతు కొత్తదా అన్నది మెషిన్‌కు తెలియదు. ఇంకో సంగతి. రీడింగ్ నూటికి 58 దగ్గర వస్తే అది 1963 తర్వాతి రోజుల నగ కావచ్చు. ఆ ఏడాది ప్రభుత్వం గోల్డ్ కంట్రోల్ అనే ఆంక్ష పెట్టి 14 క్యారెట్లకు, అంటే ఆ 58కి, మించి నగ చేయకూడదన్నారు. హెచ్‌యూఐడీ అని ఆరు అక్షరాల గుర్తు ఉందంటే హాల్‌మార్క్ వేసింది 2021 తర్వాత, అంతే. నూరేళ్ల నగకైనా రేపు ఆ గుర్తు వేయించొచ్చు.

తర్వాత గంటస్తంభం దగ్గర సందులో ఒక ముసలి ఆచారి గారి దగ్గరికి వెళ్లాను. కొట్టు కాదు, ఇంటి అరుగే. కుంపటి, దాగలి, కమ్మచ్చు, గురివింద గింజలున్న చిన్న డబ్బా. ఆ గింజలతో ఇప్పుడెవరూ తూచరు, కానీ పారేయలేదు. నేను జడబిళ్ల రాళ్లు పైకి పెట్టి ఇచ్చాను.

"ముందువేపు ఎవులైనా బాగానే సేస్తారమ్మా. ఎనక్కి తిప్పు," అన్నారు.

వెనకవైపు చూస్తూ పావుగంట కూర్చున్నారు. ఆయన చూపించినవన్నీ ఎవరైనా భూతద్దం పెట్టి చూసుకోవచ్చు. ముందు రాళ్ల వెనక భాగం. పాత కెంపుల పని అంతా మూసిన గూడులో ఉంటుంది. గూడులో లక్క పోసి, దాని మీద మెరిసే రేకు పరిచి, ఆ పైన రాయి కూర్చోబెడతారు. వెలుతురు కింద నుంచి రాదు, ఆ రేకే వెనక్కి కొడుతుంది. రాయి చుట్టూ ఉన్న సందులో మేలిమి బంగారపు రేకును ముక్కలుగా చల్లగానే అదుముతారు, అదే కుందనం. నిప్పు తగలకుండానే ఆ రేకు పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కెంపు అంచున మెషిన్ 98 ఎందుకు చూపించిందో అక్కడ తెలిసింది. వెనక రంధ్రం వదిలి, గోళ్లతో రాయిని పట్టే పద్ధతి ఇంగ్లీషువాళ్ల ప్రభావంతో 19వ శతాబ్దంలో మన నగల్లోకి బాగా వచ్చింది. అయితే మూసిన గూళ్లు ఇప్పటికీ చేస్తున్నారు. కాబట్టి మూసి ఉంటే పాతదని కాదు.

మరి దేన్ని నమ్మాలి? అరుగుదలను. జడకు గుచ్చే కొండీ లోపలి అంచు ఒక పక్క మాత్రమే కాగితంలా పలచబడింది. ఇంకో పక్క మందంగానే ఉంది. జడ బరువు ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంది కదా. కొత్త నగను పాతదిగా చూపించేవాళ్లు అంతటా సమానంగా పాలిష్ చేస్తారు, నల్లరంగు కూడా సందులన్నిటికీ సమానంగా పూస్తారు. ఇప్పుడు కొట్లలో యాంటిక్ ఫినిష్ అని అమ్మేదంతా అదే. నిజం మురికి అలా ఉండదు. కుంకుడు రసం, నూనె, కుంకుమ ఎక్కడ చేరాలో అక్కడే చేరుతుంది.

ఎనిమిది గూళ్లలో రెండింటి కుందనం గీతలు వేరే చేతివని కూడా ఆయనే పట్టుకున్నారు. ఆరింటి గీతలు ఎడమకు వాలి ఉన్నాయి, రెండింటివి నిటారుగా ఉన్నాయి. నాకు కనపడటానికి మూడోసారి చూడాల్సొచ్చింది. ఊరు గురించి అడిగితే, కటకం తారకసి పనిలా సన్న తీగ అల్లిక లేదు, రాళ్ల పని దక్షిణాది ధోరణి అన్నారు. ఒడిశా పనీ దక్షిణాది పనీ కలిసే చోటు మనది. ఆ మాట నాకు సబబుగానే తోచింది. వయసెంత అంటే "వందా నూటయాభై" అన్నారు. గీటురాయి మీద గీత గీసి, వన్నె తెలిసిన బంగారపు గీత పక్కన పెట్టి "ఇరవయ్యొకటికి కాసింత తక్కువ" అన్నారు. 24 క్యారెట్లలో చూస్తే, మెషిన్ చట్రానికి ఇచ్చిన 87 పాళ్లు సరిగ్గా అదే లెక్క.

ఆచారి చూపులో లోపం ఒకటుంది, ఆయన చూసిన నగలే ఆయనకు కొలత. ఏ ఆచారైనా అంతే. ఆచారులందరూ ఇలాగే ఉంటారనీ అనుకోకండి. అంతకుముందు ఒక పెద్ద కొట్టులో చూపిస్తే, వెనక్కి తిప్పకుండానే "పాత మాల్ మేడమ్, తరుగు పోను రేటు కట్టేస్తాం, కొత్త డిజైన్ తీసుకోండి" అన్నారు. కరిగిస్తే మిగిలేది ముద్దే. అలాంటి చోట సంతకం పెట్టే ముందు ఇంటికి వచ్చి పడుకోండి.

మూడోది ల్యాబ్. రాళ్ల విషయంలో దీన్ని మించింది లేదు. ఖర్చూ టెన్షనూ కూడా దీనికే ఎక్కువ. జైపూర్‌లోనో ముంబయిలోనో హైదరాబాద్‌లోనో చేయించాలి, కొరియర్లో పంపాలంటే గుండె దడ. నేను హైదరాబాద్ వెళ్తూ చేతిలోనే పట్టుకెళ్లాను.

కెంపుల్లో తేదీ ఉంటుందని నాకు అక్కడే తెలిసింది. 1902లో వెర్న్యూయి అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మంటలో పొడి కరిగించి కెంపు తయారుచేసే పద్ధతి ప్రకటించాడు. ఆ రాళ్లు ప్రపంచమంతా పాకాయి, మన పల్లెల కమ్మల దాకా వచ్చాయి. గాజు కాదవి, నిజం కెంపు పదార్థమే, కాకపోతే కొలిమిలో పుట్టింది. పది రెట్లు పెద్దగా చూపే లూపు అనే భూతద్దంలో చూస్తే లోపల గ్రామఫోను రికార్డు మీది గాడుల్లా వంపు తిరిగిన గీతలు, అక్కడక్కడ గాలి బుడగలు ఉంటాయి. భూమిలో పుట్టిన కెంపులో గీతలు నిటారుగా ఉంటాయి, సన్నటి పట్టుదారాల్లాంటి సూదులు ఉంటాయి. మా నగలో ఆరు కెంపులు నేలలో పుట్టినవి. రెండు వెర్న్యూయివి. ఏ రెండు? ఆచారి గారు వేలు పెట్టిన ఆ రెండే. ల్యాబ్ వాళ్లకు నేను ముందుగా ఏమీ చెప్పలేదు.

నల్ల దీపం, అంటే అల్ట్రావయొలెట్ లైటు కింద పెడితే ఎర్రగా వెలిగేది నకిలీ అని వీడియోల్లో చెప్తుంటారు. నమ్మకండి. బర్మా కెంపులూ అలాగే వెలుగుతాయి, వాటిలో ఇనుము తక్కువ కాబట్టి.

పచ్చలదీ కెంపుల కథే. రాజస్థాన్‌లో పచ్చలు దొరికింది 1943లో. అంతకుముందు మన నగల్లో ఎక్కిన మేలు రకం పచ్చల్లో చాలావరకు కొలంబియావి, 16వ శతాబ్దం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో గోవా మీదుగా వచ్చినవి. మా పచ్చ కూడా కొలంబియాదే కావచ్చన్నారు. మూసిన గూడు వల్ల అడుగు కనపడదు, అందుకే "కావచ్చు" దగ్గరే ఆగారు. విప్పితే గట్టిగా చెప్తామన్నారు, నేను విప్పనివ్వలేదు. మొజాంబిక్ కెంపని తేలితే మాత్రం రాయి పాతది కాదు. అక్కడి పెద్ద గని బయటపడిందే 2009లో. గుండ్రటి కల్చర్డ్ ముత్యాలు ఉంటే 1920లకు ముందు జరగదు.

ల్యాబ్ చెప్పేది రాయి సంగతి, నగ సంగతి కాదు. పాత నగలో కొత్త రాయి ఉండొచ్చు, కొత్త నగలో పాత రాయీ ఉండొచ్చు.

ఇక కాగితం. చెల్లి మొదట నవ్వింది. మా ముత్తాత పెళ్లి ఖర్చుల లెక్క రాసిన పొడుగు పుస్తకం ఒకటి అటక మీద ఉంది. అందులో "జడబిళ్ల 1, కెంపులు 8, పచ్చ 1, తులాలు నాలుంబావు" అని ఉంది. తేదీ సాధారణ నామ సంవత్సరం మాఘమాసం. మన సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కదా, సాధారణ అంటే 1850 కావచ్చు, 1910 కావచ్చు, 1970 కావచ్చు. పేజీ తలకట్టున జమీందారీ లెక్కల పద్ధతిలో ఫసలీ 1320 అని వేసి ఉండటం మమ్మల్ని కాపాడింది. ఫసలీకి 590 కలిపితే 1910, ఆ ఫసలీ ఏడాది జూలైలో మొదలై మరుసటి జూన్ దాకా నడుస్తుంది. ఆ మాఘం 1911 మొదట్లో వచ్చింది. పుస్తకంలో ఇంకోచోట శ్రీకాకుళం వియ్యాలవారి ఊరికి గంజాం జిల్లా అని రాశాడు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా శ్రీకాకుళం గంజాంలోనే ఉండేది, కాబట్టి అదీ కుదిరింది. మీ ఇంటి కాగితాల్లో తేదీ చిరిగిపోయినా జిల్లా పేరు చూడండి.

బరువు దగ్గర పొరబడబోయాం. తులం పది గ్రాములనుకుని లెక్క వేస్తే 42 గ్రాముల చిల్లర వచ్చింది, త్రాసులో మాత్రం 48. నగ పెరుగుతుందా? పాత తులం 11.66 గ్రాములు. నాలుంబావు అంటే 49న్నర పైనే. అరుగుదల పోను సరిపోయింది.

కాగితానికి తోడు మనిషి కూడా దొరికింది. పాలకొండలో మా మేనత్తకు ఎనభై దాటాయి. రెండు కెంపుల గురించి అడిగితే ఆలోచించను కూడా లేదు. "నా పెళ్లిలో ఊడిపోనాయే. అరిటాకులన్నీ తిరగేసినా దొరకనేదు. మా నాయిన ఇరవై రూపాయలెట్టి ఏయించినాడు." 1959లో ఆవిడ పెళ్లి. హైదరాబాద్ దాకా వెళ్లి తెచ్చిన రిపోర్టు కంటే ఈ మూడు ముక్కలే నాకు ఎక్కువ చెప్పాయి. అయితే అదే మనిషి బొబ్బిలి కథ కూడా అంతే నమ్మకంగా చెప్పింది. అందుకే నోటిమాటను నగతో సరిచూసుకున్నంత మేరకే తీసుకోవాలి.

వేటికి ఎంత విలువ ఇస్తానంటే, నా మటుకు మొదటి ఓటు ఆచారికే. ఆయన ఏది కొత్తో చూపించకపోతే మెషిన్ జవాబూ ల్యాబ్ జవాబూ నన్ను తప్పుదారి పట్టించేవి. కాడ్మియం చూసి నగ మొత్తం కొత్తదని, వెర్న్యూయి రాళ్లు చూసి 1902 తర్వాతిదని అనేసుకునేదాన్ని. కాగితం ఉన్న ఇంట్లో ల్యాబ్ అక్కర్లేదు. రాళ్ల ధర తేలాల్సి వస్తేనో, వాటాల గొడవ ఉంటేనో ల్యాబ్‌కు వెళ్లండి. మెషిన్ చవక కాబట్టి చేయించండి, కానీ మూడు నాలుగు చోట్ల పెట్టమని అడగండి. కరిగించి చూసే పరీక్షకు మాత్రం ఒప్పుకోకండి.

నాణేల నగ అయితే ఈ వరస మారుతుంది, నాణెమే సగం చెప్తుంది. రూపాయలు గుచ్చిన దండలో విక్టోరియా పక్కన క్వీన్ అని ఉంటే 1876 లోపు, ఎంప్రెస్ అని ఉంటే 1877 నుంచి. 1862 అని ఉన్నవాటితో జాగ్రత్త, అదే తేదీతో 1874 దాకా అచ్చు వేశారు. ఐదో జార్జి సవరను మీద 1918, చిన్న ఇంగ్లీషు ఐ (I) అక్షరం ఉంటే అది బొంబాయి టంకశాలలో కొట్టింది. దండ గుచ్చింది ఆ నాణేల్లో చివరిదాని తర్వాతే. ఇక నేలలో దొరికిన సొత్తయితే ఇవేవీ కాదు, ముందు కలెక్టర్‌కు చెప్పాలి. 1878 నాటి చట్టం, పది రూపాయల విలువ దాటితే చాలు.

మా జడబిళ్ల 1911 నాటికి ఇంట్లో ఉందని తేలింది. బొబ్బిలి దాకా పోవడానికి ఆధారం లేదు. ఇదంతా అన్నయ్యకు ఫోన్లో చెప్పాను. నూరేళ్లు దాటింది కాబట్టి 1972 చట్టం ప్రకారం పురావస్తువే, మనలాంటివాళ్లు దేశం దాటించకూడదని కూడా చెప్పాను. వచ్చే నెల తీసుకెళ్దామని అనుకున్నాడు మరి.

కాసేపు మాట్లాడలేదు.

"ఆ లెక్క పుస్తకం ఇంకెవరికైనా చూపించావా?" అన్నాడు.