మా పేట బొటిక్‌లో పోచంపల్లి బ్లౌజు

మా అమ్మాయి నిశ్చితార్థానికని పోచంపల్లి పట్టు బ్లౌజు కుట్టించుకున్నా. బొటిక్ నడిపే డిజైనరమ్మ కొలతలకన్నా ముందు గుడ్డ తిరగేసి చూసింది. పోచంపల్లిది ఇక్కత్ నేత కదా, అందులో పోగులకు ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాతే నేస్తారు. అందుకే డిజైను అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. "అదేనండీ దీని అందం, మళ్లీ మగ్గం వర్క్ ఎందుకు?" అని నా ఆశల మీద నీళ్లు చల్లింది. నిజం చెప్పొద్దూ, ఆవిడదే రైటు! వీపు అతుకు దగ్గర డిజైను గీతకు గీత కలిసింది. లావైతే విప్పుకోవడానికి చంకల కింద లోపల అంగుళం గుడ్డ కూడా వదిలింది. కుట్టుకూలి మాత్రం చురుక్కుమంటుంది. పైగా చెప్పిన రోజుకివ్వదు, ఫోనెత్తదు. పెళ్లిళ్ల సీజన్లో అయితే నెల ముందే ఇచ్చేయండి.