కడపలో కుక్కపిల్లల గ్రూపు క్లాసుకు డబ్బు కట్టబోయేవారు ఒక్క నిమిషం ఆగండి

నిన్నటి ఆదివారం జరిగినదాని మీద కోపం ఇంకా చల్లారకముందే ఇది రాస్తున్నాను కాబట్టి, మాట ఎక్కడైనా పదునుగా తగిలితే మన్నించాలి. ఎవరి క్లాసు గురించి చెబుతున్నానో మన ఊళ్లో కుక్కపిల్లను పెంచేవారికి పేరు పెట్టి చెప్పనక్కరలేదు. తెల్లవారేసరికి వాట్సాప్ స్టేటస్‌లో పది కుక్కలను వరుసగా కూర్చోబెట్టిన ఫొటో పెట్టే గురువుగారి సంగతే ఇది. ఎనిమిది ఆదివారాలకు ఆరు వేలు అన్నారు, మొత్తం ముందే కట్టాలన్నారు, కట్టాను. "కుక్కకు గూడా ట్యూషనేందమ్మా" అని మా అత్తగారు నవ్వినప్పుడు ఆమెకు అరగంట ఉపన్యాసం ఇచ్చిన ఘనత కూడా నాదే.

మా రాగి నాటు కుక్కపిల్ల, వయసు పదకొండు వారాలు. ఎర్రముక్కపల్లిలో మా వీధి మలుపున కాలువ పక్కన దొరికింది, రాగి చెంబు రంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టాము. స్వభావం చాలా పిరికిది, కుక్కర్ కూత వేసిందంటే మంచం కిందికి దూరిపోతుంది. ఈ సంగతి దాచకుండా ఫోనులోనే చెప్పాను. "అట్లాంటివాటికే మేడమ్ గ్రూపు క్లాసు, నాలుగు కుక్కల మధ్యన పడితే బయం అదే పోతాది" అని భరోసా ఇచ్చారు. నాలుగన్నారు కదా, వెళ్లి లెక్కపెడితే పద్నాలుగు ఉన్నాయి.

ఊరి బయట రేకుల షెడ్డు, దాని ముందు మట్టి నేల. రెండు నెలల పసికూనల పక్కనే పది నెలల రాట్‌వైలర్, అంటే భారీ జాతి కుక్క, ఒకటి. బడిలో చేర్చే తల్లిలాగా నేను టీకాల పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లాను గానీ, దాన్ని చూపించమని అడిగిన నాథుడు లేడు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి చావకుండా ఉంటుందనీ, పిల్లల టీకాల వరుస దాదాపు పదహారు వారాల వయసు దాకా సాగుతుందనీ తెలిసి ఉండి కూడా, ఆ గేటు దగ్గరే వెనక్కి తిరగకపోవడం నా తెలివితక్కువతనం. ఆరు వేలు కట్టేశాం కదా అన్న ఆలోచన మనిషిని ఎంత గుడ్డివాణ్ణి చేస్తుందో నిన్న తెలిసింది.

క్లాసు మొదలైన రెండు నిమిషాలకే రాగి నా కుర్చీ కిందికి చేరింది. తోక కడుపు కిందికి ముడుచుకుని, చెవులు వెనక్కి వాల్చి, పదే పదే మూతి నాకుకుంటూ, మధ్య మధ్య ఆవలిస్తూ కూర్చుంది. ఆ ఆవలింత చూసి గురువుగారు "నిద్రమొగం, రాత్రంతా టీవీ చూసిందా?" అన్నారు. కుక్క భయపడినప్పుడు కూడా ఆవలిస్తుందని ఇంట్లో పెంచుకునే నాకు తెలిసినది, దానితోనే బతికే ఆయనకు తెలియదంటే నేను నమ్మను. ఆ తర్వాత తన జేబులోంచి ఇనుప గొలుసు తీసి దాని మెడకు తగిలించి, నేను వద్దంటున్నా వినకుండా కుర్చీ కింద నుంచి మైదానం మధ్యకు ఈడ్చారు. అది నాలుగు కాళ్లూ నేలకు ఆనించి మొరాయించిన చోటల్లా మట్టిలో గోళ్ల గీతలు పడ్డాయి. రాట్‌వైలర్ వచ్చి మీద కాలు వేసేసరికి రాగి కుయ్యిమని వెల్లకిలా పడి, పడిన చోటే మూత్రం పోసుకుంది.

అప్పుడు ఆయన నా వైపు తిరిగి, అందరూ వినేలా, "ఏంది మేడమ్, కుక్కను సాకుతాండారా, కోడిపిల్లను సాకుతాండారా?" అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఇప్పటికీ నన్ను తినేస్తున్న సంగతి ఏమిటంటే, ఆ క్షణంలో మర్యాద కోసం నేను కూడా కొంచెం నవ్వాను. తడిసిన మట్టితో వణుకుతున్న పిల్ల నా కాళ్ల వైపు పాకుతుంటే నేను నవ్వాను.

తేరుకుని, దాన్ని ఎత్తుకుని, మిగిలిన ఏడు క్లాసుల డబ్బు తిరిగివ్వమని అడిగితే, "వాపసు లేదని రసీదు వెనక ఉండాది, సదువుకున్నోళ్లు చూసుకోవాల గదా" అని చెప్పి ఇంకొక కుక్క వైపు వెళ్లిపోయారు. చూసుకోలేదు, ఒప్పుకుంటాను. అయితే లోపమున్న సేవకు డబ్బు తిరిగివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుందని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఉన్న సంగతి, రసీదు అచ్చు వేయించినవారు కూడా చూసుకోవాలి కదా.

ఈ ఉదయం పశువైద్యుణ్ణి కలిశాను. మూడో వారం నుంచి మూడు నెలల వయసు దాకా కుక్కపిల్ల లోకాన్ని పరిచయం చేసుకుంటుందనీ, కాబట్టి మొదటి టీకా వేసి వారం దాటిన పిల్లను శుభ్రమైన చోట జరిగే చిన్న క్లాసుకు తీసుకెళ్లడం మంచిదేననీ, కానీ ఆ వయసులో పడిన భయం కూడా అంతే గట్టిగా నాటుకుంటుందనీ ఆయన చెప్పారు. అంటే గ్రూపు క్లాసే తప్పు కాదు. మా ఎదురింటి లాబ్రడార్ పిల్లను అదే మైదానంలో వదిలితే రాట్‌వైలర్ చెవి పట్టుకుని వేలాడేది. రాగికి మాత్రం ముందు ఇంట్లో ఒంటరిగా నేర్పి, తర్వాత నెమ్మదైన ఒక్క కుక్కతో కలపవలసింది.

డబ్బు కట్టకముందు ఒక క్లాసుకు కుక్కపిల్లను ఇంట్లోనే వదిలి, మీరు మాత్రం వెళ్లి చూడండి. టీకాల పుస్తకం అడుగుతున్నారా, భయపడిన పిల్లను పక్కకు తప్పుకోనిస్తున్నారా, మెడకు గొలుసు వేస్తున్నారా అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. రసీదు వెనక కూడా చదవండి.

డబ్బు గురించి నేను పంపిన సందేశానికి నీలం గీతలు వచ్చాయి, జవాబు రాలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. నిన్న రాత్రి మావారు గేటుకు గొలుసు వేస్తుండగా ఆ చప్పుడుకు రాగి మంచం కిందికి వెళ్లింది, ఇది రాసేటప్పటికి అన్నానికి కూడా బయటికి రాలేదు.